'సిట్ ఆన్ ది ఫెన్స్' అంటే మన గోడ మీద పిల్లేనా?

ప్రశ్న: గుజ్జు గుమాస్తా, చిత్తూరు

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉత్తరప్రత్యుత్తరాలు చూసుకునే ఉద్యోగం నాది. విదేశీ కొనుగోలుదారుల నుంచి వచ్చే మెయిళ్ళను మా యజమానికి తెలుగులో చదివి వినిపించడం, ఆయన చెప్పిన జవాబును ఇంగ్లీషులో రాసి పంపడం నా పని. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నాను కాబట్టి, వ్యాపారపు ఇంగ్లీషు అలవాటైనా, నుడికారం ఎదురైనప్పుడు ఇప్పటికీ తడబడుతుంటాను.

తోతాపురి కాయ దిగడానికి ఇంకా నెల రోజులు ఉందనగా, ఏటా మా దగ్గర గుజ్జు కొనే ఒక విదేశీ కంపెనీ మేనేజరు రాసిన మెయిలులో ఈ వాక్యం వచ్చింది: 'వుయ్ ఆర్ స్టిల్ సిటింగ్ ఆన్ ది ఫెన్స్ అబౌట్ దిస్ ఇయర్స్ క్వాంటిటీ.' ఫోనులోని అనువాద సాధనానికి ఇస్తే, 'ఈ సంవత్సరం పరిమాణం గురించి మేము ఇంకా కంచె మీద కూర్చున్నాము' అని చూపించింది. అది తెలుగు కాదని తెలుస్తూనే ఉంది. అందుకని నాకు తోచినంతలో, 'వాళ్ళు గోడ మీద పిల్లివాటంగా ఉన్నారు సార్' అని చెప్పాను.

ఆ మాట వినగానే మా యజమాని ముఖం మారిపోయింది. చేతిలోని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, 'అంటే ఏమప్పా, గోడెక్కి కూర్చోని మనం రేటు ఎంత దించుతామో చూస్తా ఉండారా?' అని అడిగారు. ఆ కోపంలోనే, 'కొంటే కొనండి, లేకుంటే ఇంకొకరికి ఇచ్చేసుకుంటాం' అని జవాబు రాయమన్నారు. ఎందుకో చెయ్యి ఆడక, ఒక్కరోజు గడువు అడిగి ఇక్కడికి వచ్చాను.

నేను చెప్పిన అర్థం సరైనదేనా? ఆ మేనేజరు మాటలో నిజంగా ఎత్తుగడ ఉందా, లేక నా అనువాదమే దాన్ని చొప్పించిందా? 'తటస్థంగా ఉన్నారు' అని ఉంటే సరిపోయేదా? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.


జవాబు: స్వర్ణముఖి, తిరుపతి

గుమాస్తా గారూ, జవాబు పంపకుండా ఆగి మంచి పని చేశారు. తిరుపతిలో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ నుడికారానికి 'గోడ మీద పిల్లి' అని రాయని విద్యార్థిని నేను చూడలేదు. సగం సందర్భాల్లో అది ఒప్పే. మీకు వచ్చినది తక్కిన సగంలోది.

ముందు బొమ్మ సంగతి చూద్దాం. కంచె అనగానే మనకు కళ్ళ ముందు నిలిచేది తుమ్మకంప, లేకపోతే రాతి కూసాలు నాటి లాగిన ముళ్ళతీగ. దాని మీద మనిషి కాదు కదా, కాకి కూర్చోవాలన్నా ఆలోచిస్తుంది. అందుకే 'కంచె మీద కూర్చున్నాము' అన్న వాక్యం మన చెవికి అర్థం లేనిదిగానే కాదు, బాధాకరంగా కూడా వినిపిస్తుంది. పైగా మన నుడికారంలో కంచెకు వేరే ఉద్యోగం ఉంది. కంచే చేను మేసిందంటాం, అంటే కాపలా కాయవలసినదే ద్రోహం చేసిందని. మన కంచె మంచిదైనా చెడ్డదైనా కాపలాదారే తప్ప కూర్చునే చోటు కాదు.

ఈ మాట వాడుకలోకి వచ్చిన అమెరికాలో కంచె సంగతి వేరు. అక్కడి తొలి రైతులకు అడవికి కొదవ లేదు. దుంగలను నిలువునా చీల్చి, ఆ చీలికలను ఒకదాని మీద ఒకటి వంకరటింకరగా పేర్చి పొలం చుట్టూ కంచె కట్టేవారు. అబ్రహాం లింకన్ కుర్రతనంలో ఇలాంటి చీలికలు కొట్టినవాడని 1860 ఎన్నికల్లో ఆయన పక్షం వారు గొప్పగా ప్రచారం చేసుకున్నారు కూడా. అంత దిట్టమైన కంచె మీద రెండు వైపులా కాళ్ళు వేసుకుని మనిషి తీరిగ్గా కూర్చోవచ్చు, రెండు పొలాలనూ చూడవచ్చు, ఏ వైపు కావాలంటే ఆ వైపు దిగవచ్చు. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే అక్కడి రాజకీయ వ్యవహారంలో ఏ పక్షమూ చెప్పని మనిషిని కంచె మీద ఉన్నవాడు అనడం మొదలైంది.

ఆ రాజకీయాల్లోదే ఒక చిన్న ముచ్చట. 1884 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీవారు కొందరు తమ అభ్యర్థి జేమ్స్ బ్లెయిన్‌ను కాదని డెమొక్రాట్ అయిన గ్రోవర్ క్లీవ్‌లాండ్‌ను సమర్థించారు. వారిని 'మగ్‌వంప్' అని ఎగతాళి చేశారు. ఆ మాట అమెరికా ఆదివాసుల భాషలో నాయకుడు అనే అర్థం గలది. 1663లో జాన్ ఇలియట్ ఆ భాషలోకి చేసిన బైబిల్ అనువాదంలోనే కనిపిస్తుంది. తర్వాతి కాలపు హాస్యగాళ్ళు దాన్ని రెండు ముక్కలు చేసి, మగ్, అంటే ముఖం, కంచెకు ఒక వైపున, వంప్, అంటే పిరుదులు, ఇంకో వైపున ఉన్నవాడే మగ్‌వంప్ అని వెక్కిరించారు. విచిత్రమేమిటంటే ఆ మనుషులు కంచె మీద లేనే లేరు, బాహాటంగా అవతలి వైపు దూకేశారు.

ఇంకొకటి మన వాళ్ళకు బాగా తెలియవలసినది. బ్రిటన్ లిబరల్ నాయకుడు లాయిడ్ జార్జ్ తన తోటి లిబరల్ అయిన సర్ జాన్ సైమన్ గురించి, ఆయన కంచె మీద ఎంతకాలం కూర్చున్నాడంటే ఆ ఇనుము ఆత్మలోకి దిగిపోయింది అన్నాడని చెబుతారు. ఆ ఇనుము మాట బైబిల్ కీర్తనలలోది, కంచె మాట వాడుకలోది. రెంటినీ ఒకే ముడి వేయడంలోనే చమత్కారం. ఈ సైమన్ ఎవరో కాదు, 1928లో 'సైమన్ గో బ్యాక్' అంటూ మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు గారు తుపాకీకి గుండె చూపించింది ఈయన కమిషన్ రాకకు నిరసనగానే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఇంగ్లీషు నుడికారంలో నేరం కూర్చోవడం వరకే ఉంది, దూకడంలో లేదు. తేల్చుకోలేదు, పక్షం చెప్పలేదు, అంతే. ఎందుకు తేల్చుకోలేదో ఆ మాట చెప్పదు. భయం కావచ్చు, బద్ధకం కావచ్చు, సమాచారం చాలక కావచ్చు, స్వార్థం కూడా కావచ్చు. మన పిల్లి అలా కాదు. అది గోడ ఎక్కిందే దూకడానికి. ఏ పెరట్లో పాల గిన్నెకు మూత లేదో చూసుకుని దూకుతుంది. అంటే తెలుగు మాట ఉద్దేశాన్ని కూడా కలిపి తిడుతుంది. మీరు కేవలం అనిశ్చయాన్ని అనువదించబోయి, దానికి దురుద్దేశాన్ని జోడించారు. మీ యజమానికి కోపం వచ్చిందంటే ఆయన తెలుగు సరిగ్గా అర్థం చేసుకున్నారనే!

దీనికి నేను పిల్లలకు చెప్పే గుర్తు ఒకటి ఉంది. వాక్యంలో కర్త ఎవరో చూడండి. ఇంగ్లీషువాడు 'అయామ్ ఆన్ ది ఫెన్స్' అని తన గురించి తాను నిస్సంకోచంగా చెప్పుకుంటాడు, ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. తెలుగులో 'నేను గోడ మీద పిల్లిని' అని ఒళ్ళు తెలిసి ఎవరైనా చెప్పుకోగా విన్నారా? మీ మెయిలులో కర్త 'వుయ్'. తన గురించి తానే చెప్పుకుంటున్నాడు కాబట్టి దానికి తెలుగు 'మేము ఇంకా ఎటూ తేల్చుకోలేదు' అనే. అదే వేరొకరి మీద అన్న మాట అయితే, ముఖ్యంగా 'ఫెన్స్ సిట్టర్' అని నామవాచకంగా అంటే, అందులో మందలింపు ఉంటుంది, అప్పుడు పిల్లి గురించి ఆలోచించవచ్చు.

ప్రయోగం గురించి రెండు మాటలు. 'సిటింగ్' తీసేసి 'ఆన్ ది ఫెన్స్' అని మాత్రమే అంటే ఇంకొంచెం మెత్తగా, మాటామంతీలో చెప్పినట్టు ఉంటుంది. 'సిటింగ్' చేర్చినప్పుడు అలా ఉండిపోయి కొంతకాలమైంది అనే ఛాయ వస్తుంది. దేని గురించి తేల్చలేదో చెప్పడానికి 'అబౌట్' గానీ 'ఓవర్' గానీ వాడతారు. మీ వాక్యంలోని 'స్టిల్' ను వదిలేయకండి. ఆలస్యమైందని అతనికీ తెలుసునని అది చెబుతోంది.


జవాబు: నీవా తీరం, చిత్తూరు

స్వర్ణముఖి గారు చెప్పిన పిల్లి తేడా మా ఇంట్లో ఒకసారి పెద్ద గొడవే తెచ్చింది. మా అత్తగారిది వేలూరు. మా మరిదికి చూసిన సంబంధం విషయంలో అమ్మాయి తరఫువారు పది రోజులైనా ఏ మాటా చెప్పకపోతే, అత్తగారు తమిళంలో 'మదిల్ మేల్ పూనై' లాగా ఉంది వ్యవహారం అన్నారు. మాట అదే, గోడ మీద పిల్లే. కానీ తమిళంలో ఆ మాటను ఎటు పడుతుందో తెలియని స్థితికి కూడా వాడతారు. మనిషిని తిట్టినట్టు కానక్కర లేదు. అప్పుడు మా ఇంటికి వచ్చి ఉన్న మా నాన్నగారిది మదనపల్లె. ఆయన దాన్ని తెలుగు చెవితో విని, 'ఏం వదినా, వాళ్ళు అంత జిత్తులమారి మనుషులైతే ఆ సంబంధం మనకెందుకు?' అని లేచి నిలబడ్డారు. ఆయనను కూర్చోబెట్టేసరికి అన్నం చల్లారిపోయింది.

రెండు భాషల్లోనూ పిల్లి ఒకటే, గోడ ఒకటే, అయినా అర్థం అటూ ఇటూ జరిగింది. ఇక ఇంగ్లీషు కంచెకూ మన గోడకూ మధ్య ఆ మాత్రం తేడా ఉండడంలో వింత లేదు. మన చిత్తూరులో రోజూ రెండు భాషలూ కలిపి మాట్లాడుకునేవాళ్ళం కాబట్టి ఈ జాగ్రత్త మనకు ఇంకా ఎక్కువ అవసరం.

గుమాస్తా గారూ, మీ యజమానికి ఈసారి పిల్లి పేరెత్తకుండా చెప్పండి.


జవాబు: అలిపిరి బాటసారి, తిరుపతి

వార్తల అనువాదం నా వృత్తి. స్వర్ణముఖి గారి వివరణను ఒప్పుకుంటూనే ఒక చోట విభేదిస్తున్నాను. కర్త ఎవరో చూడాలన్న గుర్తు బాగుంది గానీ అది చాలదు. ఎన్నికల ముందు ఇంగ్లీషు వార్తల్లో 'ఫెన్స్ సిట్టర్స్' అని రెండు రకాల మనుషులను అంటారు. టికెట్ ఎవరిస్తే వారి వైపు వెళ్ళడానికి కండువా మడిచి జేబులో పెట్టుకున్న నాయకుడు ఒకరు. ఓటు ఎవరికి వేయాలో నిజంగానే తేలక ఉన్న సామాన్యుడు ఇంకొకరు. ఇద్దరి గురించీ మాట్లాడేది మూడో మనిషే, నామవాచకమూ ఒకటే. అయినా మొదటివాడు గోడ మీద పిల్లి, రెండోవాణ్ణి అలా రాస్తే పాఠకుణ్ణే తిట్టినట్టు అవుతుంది. పత్రికల్లో అతన్ని తటస్థ ఓటరు అంటున్నాం. కాబట్టి కర్తను చూసిన తర్వాత, దూకితే అతనికి దక్కేది ఏమైనా ఉందా అని కూడా చూడాలి.

ఇక తటస్థం గురించి మీరు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మాటలో ఉన్నది తటం, అంటే ఏటి గట్టు. గట్టున నిలబడినవాడు తటస్థుడు. ఇంగ్లీషువాడు కంచె ఎక్కి కూర్చుంటే మనవాడు గట్టున నిలబడ్డాడు, తేడా పైకి చిన్నదే అనిపిస్తుంది. కానీ కంచె రెండు పొలాల మధ్యన ఉంటుంది, దాని మీది మనిషి ఎప్పటికైనా ఏదో ఒక పొలంలోకి దిగవలసిందే. గట్టున నిలబడినవాడు ఏట్లోకి దిగనక్కరలేదు. దిగనని అతను నిర్ణయించుకున్నాడు. అంటే తటస్థత ఒక నిర్ణయం, కంచె మీద ఉండడం నిర్ణయం లేకపోవడం.

భారతంలో బలరాముణ్ణి చూడండి. కురుపాండవులు ఇద్దరూ తనవారే కాబట్టి ఎవరి వైపూ యుద్ధం చేయనని చెప్పేసి తీర్థయాత్రకు వెళ్ళిపోయాడు. వెళ్ళినది సరస్వతీ నది వెంబడి! తటస్థుడు అన్న మాటకు అంతకంటే అక్షరాలా సరిపోయే మనిషి దొరకడు. ఆయనను కంచె మీద కూర్చున్నాడనడం అన్యాయం. ఉత్తరుడి సంగతి వేరు. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు, కానీ అది పిరికితనం కాబట్టి ఇక్కడికి రాదు.

ఇదే పేచీ దేశాల మధ్య కూడా వచ్చింది. 1961లో బెల్‌గ్రేడ్‌లో మొదటి సదస్సు జరుపుకున్న ఉద్యమాన్ని మనం తటస్థ ఉద్యమం అనకుండా అలీనోద్యమం అనడం ఊరికే కాదు. భారతదేశం కంచె మీద కూర్చుందని పాశ్చాత్యులు విమర్శిస్తుండగా, నెహ్రూ 1949లోనే అమెరికా చట్టసభ సభ్యుల ముందు మాట్లాడుతూ, స్వేచ్ఛకు ముప్పు వచ్చినప్పుడు, దురాక్రమణ జరిగినప్పుడు తాము తటస్థంగా ఉండబోమని స్పష్టం చేశారు. ఏ కూటమిలోనూ లీనం కాకపోవడం వేరు, అభిప్రాయం లేకపోవడం వేరు అని ఆయన వాదన. ఆయన విదేశాంగ విధానం మీద నాకు వేరే అభిప్రాయాలు ఉన్నాయి గానీ మాటల మధ్య ఆయన గీసిన గీత సరైనది.

అందువల్ల గుమాస్తా గారూ, మీ కొనుగోలుదారు తటస్థుడు కాడు. మీరు తటస్థం అని అనువదించి ఉంటే మీ యజమానికి కోపం రాకపోయినా, వాళ్ళకు ఈ ఏడు కొనే ఆసక్తి లేదని అనుకుని ఊరుకునేవారు. అది ఇంకా పెద్ద నష్టం.

ఇలాంటి చోట్ల మనకు పనికివచ్చే తెలుగు చాలానే ఉంది. మీనమేషాలు లెక్కిస్తున్నారంటే ఆలస్యం మీద విసుగు. ఊగిసలాడుతున్నారంటే మనసు అటూ ఇటూ పోతోందని. కప్పదాటు సమాధానం అంటే అడిగింది తప్పించుకున్నారని. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడారంటే ఇద్దరినీ నొప్పించని లౌక్యం. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడాన్ని మాత్రం కొందరు దీనికి వాడతారు, అది తప్పు. కంచె మీదివాడు ఏ పొలంలోనూ లేడు, పడవలవాడు రెంటిలోనూ ఉన్నాడు.

ఇంకొక్క హెచ్చరిక. 'సిటింగ్ ఆన్' తర్వాత ఫెన్స్ కాకుండా ఫైల్ గానీ ఆర్డర్ గానీ వస్తే అర్థం మొత్తం మారుతుంది. 'దే ఆర్ సిటింగ్ ఆన్ అవర్ ఫైల్' అంటే తొక్కిపెట్టారని. వాళ్ళు కూర్చుంటే మనం తొక్కుతాం, ఫైలుకు జరిగేది ఒకటే.


గుజ్జు గుమాస్తా, చిత్తూరు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఉదయం మా యజమానికి మీ మాటల సారాంశం చెప్పాను. 'ఇంకా ఎటూ తేల్చుకోలేదు అంటున్నారు సార్, ఆలస్యమైందని వాళ్ళకూ తెలుసు' అని చెప్పగానే ఆయన మొదట అడిగింది, 'ఎందుకు తేల్చుకోలేదో అడిగితివా?' అని. ఆ ప్రశ్న మొదటి రోజే రావలసింది, నా పిల్లి అడ్డం వచ్చింది. పాత మెయిళ్ళు వెనక్కి వెళ్ళి చూస్తే, బ్రిక్స్, అంటే గుజ్జులోని తీపి కొలత, ఎంత వచ్చిందో తెలిపే పరీక్ష కాగితాన్నీ నమూనా డబ్బాలనూ వాళ్ళు రెండు వారాల కిందటే అడిగి ఉన్నారు. మా వైపు నుంచే పోలేదు. పిల్లి ఎవరో, గోడ ఎవరిదో ఇక నేను చెప్పదలచుకోలేదు.

జవాబు ఇలా రాశాను: 'వుయ్ అండర్‌స్టాండ్ యూ ఆర్ సిటింగ్ ఆన్ ది ఫెన్సెస్. ప్లీజ్ గెట్ ఆఫ్ ది ఫెన్స్ బిఫోర్ ది సీజన్ స్టార్ట్స్.' వాళ్ళ నుడికారం వాళ్ళకే తిరిగి అప్పగిస్తే బాగుంటుందని అనుకున్నాను. పంపే ముందు స్వర్ణముఖి గారు ఒకసారి చూడగలరా?


జవాబు: స్వర్ణముఖి, తిరుపతి

అప్పగించకండి! ఇంటికి వచ్చిన చుట్టం 'నేను కొంచెం బద్ధకస్తుణ్ణి' అని నవ్వుతూ చెప్పుకుంటే, మనం 'అవును, మీరు బద్ధకస్తులు' అని ఒప్పుకోము కదా. తన గురించి తాను అన్నప్పుడు మెత్తగా ఉన్న మాట, ఎదుటివాడి నోట గట్టిపడుతుంది. రెండో వాక్యం ఇంకా ఇబ్బంది. 'గెట్ ఆఫ్ ది ఫెన్స్' అనేది చర్చలో ఎదుటి పక్షాన్ని నిలదీసే మాట, 'ఇక నాన్చింది చాలు, తేల్చండి' అన్నట్టు ఉంటుంది. ముందు ప్లీజ్ పెట్టినంత మాత్రాన ఆ కరుకుదనం పోదు.

ఇంకొకటి, ఫెన్స్‌కు బహువచనం వేయకూడదు. కూర్చునేవారు పదిమంది అయినా కంచె ఒకటే. బహువచనంలో వాడేది 'మెండ్ ఫెన్సెస్' అనే వేరే నుడికారం, దానికి చెడిన సంబంధాన్ని సరిచేసుకోవడం అని అర్థం. మీ రెండు వాక్యాలూ కలిపి చదివితే, పాపం, ఆ మేనేజరుకు మీతో ఎప్పుడు గొడవైందో గుర్తు రాక తల పట్టుకుంటాడు.

నుడికారం జోలికి పోకుండా, మీరు ఇంకా పరిమాణం నిర్ణయించుకోలేదని అర్థమైంది, మీరు అడిగిన పరీక్ష కాగితాన్ని దీనితో జతపరుస్తున్నాము, ఆలస్యానికి మన్నించండి, కాయ దిగే లోపు చెబితే మీ కోసం డ్రమ్ములు కేటాయించి ఉంచగలం అని నాలుగు మామూలు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. నమూనా డబ్బాలు ఏ రోజు పంపుతారో మాత్రం తేదీ వేసి రాయండి.